కర్నూలు చుట్టుపక్కల స్థలం కొనేవారు అడ్వాన్సుకు ముందే చూసుకోవలసినవి

ఓర్వకల్లు విమానాశ్రయం 2021లో ప్రారంభమయ్యాక కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారి వెంట మెట్ట భూములపై పెట్టుబడిదారుల చూపు పడింది. ఇటువంటి చోట కొనేవారు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది: ముప్పయ్యేళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించి, అందులో తాకట్టు ఏదీ కనబడలేదని వెంటనే అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఈసీలో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలే. వీలునామా, రిజిస్టరు కాని అగ్రిమెంటు, వారసుల వాటా సాధారణంగా అందులోకి రావు. అసలు దస్తావేజులు వడ్డీ వ్యాపారి బీరువాలో ఉన్నా ఈసీ శుభ్రంగానే వస్తుంది. అందువల్ల లింకు డాక్యుమెంట్ల, అంటే పాత యజమానుల నాటి దస్తావేజుల, జిరాక్సులతో సరిపెట్టుకోకుండా అసలు పత్రాలను చూపమని అడగాలి. వాటిని చూపడానికి అమ్మేవారు రోజులు జరుపుతుంటే బేరం ఆపుకోవడమే మేలని నా అభిప్రాయం.

రాయలసీమలో అసలు చిక్కు భూమి మూలంలో ఉంటుంది. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, అంటే ఆర్‌ఎస్‌ఆర్‌లో, ఆ సర్వే నంబరు ఎదుట పట్టాదారు గడిలో ఏమి రాసి ఉందో ముందుగా తెలుసుకోవాలి. అక్కడ పేరుకు బదులు చుక్కలుంటే అది చుక్కల భూమి, అంటే యజమాని ఎవరో రికార్డులో తేలనిది. 2017 నాటి చట్టం కింద పరిష్కారమైనట్లు ఉత్తర్వు చూపితే తప్ప ముందుకు వెళ్లరాదు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి పట్టా భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకాన్ని నిషేధిస్తుంది. ఇరవై ఏళ్లు నిండిన అసైన్డ్ భూములకు హక్కులు కల్పిస్తూ 2023లో సవరణ వచ్చినా, అలా విడుదలైన వాటి రిజిస్ట్రేషన్లను 2024లో ప్రభుత్వం నిలిపివేసిన సంగతి గుర్తుంచుకుని, "రేపో మాపో తెరుస్తారు" అన్న మధ్యవర్తి మాటపై డబ్బు పెట్టకూడదు. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములుండే 22ఏ జాబితాను, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాను, కూడా చూడాలి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (భూ కమతపు పటం) నంబర్లు వచ్చాయి, పాత దస్తావేజుల్లో మాత్రం పాత నంబర్లే ఉంటాయి కనుక రెండింటితోనూ వెతకాలి. 1బీలో, అంటే రెవెన్యూ శాఖ హక్కుల రికార్డులో, పేరు ఉండటం ఒక్కటే యాజమాన్యానికి రుజువు కాదు.

పిత్రార్జితమైతే ఆడపిల్లల సంగతి అడగకుండా వదలకూడదు. 2005 సవరణతో కుమార్తెకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చిందనీ, ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదనీ సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. "పసుపు కుంకుమల కింద ఎప్పుడో ఇచ్చేశాం" అని అన్నదమ్ములు చెప్పే మాటకు కాగితం లేకపోతే విలువ లేదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఉన్న ప్రతి వారసుడూ, మెట్టినింట ఉన్న ఆడబిడ్డలతో సహా, విక్రయ దస్తావేజులో సంతకం చేయాలి.

ఇక నేల మీదికి వెళ్లాలి. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు తీసుకుని సర్వేయరుతో హద్దులు కొలిపించాలి, సెంటుకు 48.4 చదరపు గజాలు కాగా, 48కే లెక్కగట్టే అలవాటున్నవారితో ఆ తేడాను ముందే మాట్లాడుకోవాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. ఆ రోజుల్లో ఈ స్థలంలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చుట్టుపక్కల పెద్దలను అడిగితే ఏ పత్రంలోనూ లేని సమాచారం దొరుకుతుంది. వంక పోరంబోకును, అంటే వాగు పారే ప్రభుత్వ భూమిని, చదును చేసి ప్లాట్లలో కలిపారేమో కూడా పటంతో సరిచూడాలి.

వెంచర్ విస్తీర్ణం 500 చదరపు మీటర్లు దాటితే రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో, నమోదు తప్పనిసరి. ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకునే అధికారం ప్రమోటరుకు, అంటే వెంచర్ వేసినవారికి, లేదు. స్థిరాస్తి కోసం 20 వేల రూపాయలు, అంతకు మించిన అడ్వాన్సును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం కనుక బ్యాంకు ద్వారానే చెల్లించాలి. అగ్రిమెంటు మాత్రాన యాజమాన్యం రాదు. గడువు దాటాక అమ్మేవారు మొండికేస్తే మూడేళ్లలోగా దావా వేయాలి. జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) చేతిలో పెట్టి అమ్మేశామనే పద్ధతి హక్కు ఇవ్వదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

రిజిస్ట్రేషన్ అయ్యాక కొత్త ఈసీ తీయించి, మీ దస్తావేజు నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు సరిగ్గా నమోదయ్యాయో చూసుకుని, తప్పుంటే అమ్మినవారు ఊళ్లో ఉండగానే సవరణ దస్తావేజు రాయించుకోవాలి.