ఇంట్లో అక్వేరియం, 5వ పాఠం: ఫ్లవర్‌హార్న్‌కు చోటు

రెండు మగ ఫైటర్ చేపలను ఒకే తొట్టిలో వేయకూడదని గత పాఠంలో చెప్పుకున్నాం. ఆ సంగతి చాలామందికి ముందే తెలుసు. ఫ్లవర్‌హార్న్ చేప దగ్గరికి వచ్చేసరికే పొరబడతాం. షాపులో రెండంగుళాల పిల్ల ముద్దుగా కనిపిస్తుంది. నేనూ అలాగే తెచ్చి గోల్డ్‌ఫిష్‌ల మధ్య వదిలాను. మూడు నెలలు ఏ గొడవా లేదు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే రెండు గోల్డ్‌ఫిష్‌లకు తోకలు లేవు, మూడోది ఫిల్టర్ వెనక నక్కి ఉంది. సాయంత్రానికి అదీ చచ్చిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. తప్పు చేపది కాదు, నాది.

మధ్య అమెరికాలో ఉండే సిక్లిడ్ అనే చేపల జాతులను కలిపి, 1990లలో మలేషియాలో పుట్టించిన సంకర చేప ఇది. సిక్లిడ్‌లు తమ చోటులోకి వచ్చినదాన్ని తరిమేస్తాయి. నదిలో అయితే ఓడిన చేప పారిపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? అందుకే దీనికి తోడు వెతకొద్దు. ఒక తొట్టికి ఒకటే చేప.

తొట్టి ఎంత ఉండాలి? అడుగుల్లో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, వచ్చినదాన్ని 28తో గుణిస్తే సుమారుగా లీటర్లు వస్తాయి. 2×1×1 తొట్టికి 56 లీటర్లే. 4×1.5×1.5 అయితే 252. పెరిగిన ఫ్లవర్‌హార్న్ దాదాపు అడుగు పొడవుంటుంది. అడుగు వెడల్పు తొట్టిలో ఒళ్లు తిప్పుకోవడానికే కష్టపడుతుంది. కాబట్టి ఒకటిన్నర అడుగు వెడల్పుకు తగ్గొద్దు, రెండడుగులైతే ఇంకా మంచిది. పిల్లే కదా, తర్వాత మారుద్దాం అనుకుంటే ఆ 'తర్వాత' ఏడాదిలోపే వచ్చేస్తుంది.

లోపల సామాను తక్కువ పెట్టండి. ఇది గులకరాళ్లను నోటితో తవ్విపోస్తుంది. పెద్ద రాయిని గులకల మీద పెడితే కింద ఖాళీ అయ్యి ఒరిగి అద్దం పగలొచ్చు. ముందు రాయిని తొట్టి అడుగున కదలకుండా నిలిపి, ఆ తర్వాత చుట్టూ గులకలు పోయండి. గాజు హీటర్‌కు ప్లాస్టిక్ గార్డు తప్పనిసరి. చేప గుద్దితే హీటర్ పగిలి నీళ్లలోకి కరెంటు రావచ్చు. చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీసేయండి. ఇది ఎగిరి బయట పడుతుంది కూడా, మూత బరువుగా ఉండాలి.

గదిలో చీకటిగా ఉండి తొట్టిలో మాత్రం లైటు వెలిగితే, లోపలి వైపు అద్దంలో చేపకు తన నీడే కనిపిస్తుంది. ఇంకో చేప అనుకుని పొడుస్తూనే ఉంటుంది, మూతి పుండవుతుంది. వెనకా పక్కలా ముదురు రంగు కాగితం అంటించి, గదిలో లైటు వేసి ఉంచండి.

పిల్లలు పెట్టించాలనుకునే వాళ్లు మధ్యలో చిల్లుల అక్రిలిక్ షీటు బిగించి, ఆడచేపను అవతలి వైపే ఉంచాలి. మగది దాన్ని చంపేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

నీటి సంగతి క్లుప్తంగా. బోరు నీళ్లు కాస్త కఠినంగా (లవణాలు ఎక్కువగా) ఉన్నా దీనికి ఇబ్బంది లేదు. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ తీసే మందు కలపాలి. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చాలి.

వచ్చే పాఠంలోపు టేపుతో మీ తొట్టి కొలిచి, ఎన్ని లీటర్లో రాసిపెట్టుకోండి. ఫిల్టర్ సైజు ఆ లెక్క మీదే చూద్దాం.