చెక్కకి స్టెయిన్ వేసి పైన కోటింగ్ వేయడం ఎలా

రంగు బాగా రావాలంటే అసలు పనంతా సాండ్ పేపర్ దగ్గరే ఉంది, 120 నంబర్ పేపర్‌తో మొదలుపెట్టి 180, చివర్లో 220తో (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) చెక్క చారల వెంబడే రుద్దండి, అడ్డంగా రుద్దితే ఆ గీతలన్నీ స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) పడగానే నల్లగా తేలతాయి. దుమ్ము తుడిచేసి ముందు కనపడని చోట కొంచెం రాసి చూడండి. ఆయిల్ స్టెయిన్ గుడ్డతో పట్టించి 5-10 నిమిషాలు ఆగి, పైన మిగిలింది మొత్తం తుడిచేయాలి, వదిలేస్తే సరిగ్గా ఆరక జిగటగా వేలికి అంటుతూనే ఉంటుంది. ఒక రోజంతా ఆరాక పాలీయురేథేన్ (పైన రక్షణగా వేసే వార్నిష్ లాంటి కోటింగ్) పల్చగా 2-3 కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య 320తో తేలిగ్గా ఒక రుద్దు. డబ్బా ఊపొద్దు, బుడగలొచ్చేస్తాయి, పుల్లతో మెల్లగా కలపండి. ఇంకోటి, దయచేసి ఇది మర్చిపోవద్దు, స్టెయిన్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు, బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.