నిమజ్జనానికి వెళ్లేముందు: మునిగిన మనిషి ఊపిరి విషయంలో జాగ్రత్తలు

వినాయక నిమజ్జనాలు దగ్గరపడ్డాయి. చెరువు గట్ల మీద, కాలువల దగ్గర ఉండే కుర్రాళ్లు ఇవి ఒకసారి చదివి వెళ్లండి.

పొట్ట నొక్కి నీళ్లు కక్కించొద్దు, కాళ్లు పట్టుకుని తలకిందులు చేయొద్దు. పొట్టలో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గాలి అందాల్సిన నిమిషాలు కూడా అక్కడే అయిపోతాయి. కంగారులో చాలామంది మొదట చేసేది ఇదే, అందుకే ముందు రాస్తున్నాను.

ఎగశ్వాసను ఊపిరి అనుకోవద్దు. స్పృహ లేకుండా, ఆగి ఆగి నోరు తెరిచి గాలి మింగుతున్నట్టు ఉంటే ఊపిరి లేనట్టే లెక్క. ఛాతీ కదులుతుందా లేదా అని చూడటానికి 10 సెకన్లు మించొద్దు. ఈలోపు పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి.

నుదుటి మీద చెయ్యి పెట్టి తల వెనక్కి వంచండి, గడ్డం పైకెత్తండి. స్పృహ లేనప్పుడు నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది.

ఊపిరి లేకపోతే ముందు ముక్కు మూసి, నోటితో రెండుసార్లు గాలి ఊదండి. ఛాతీ లేవాలి. మునిగినవాళ్లకు మొదట కరువయ్యేది ఆక్సిజనే, గుండె మీద ఒత్తడం ఒక్కటే చాలదు. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు ఒత్తి 2 సార్లు ఊదుతూ ఉండండి. ఒత్తే వేగం నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్ల లోతు ఒత్తాలి.

నురగ తుడుస్తూ కూర్చోవద్దు, అది వస్తూనే ఉంటుంది. వాంతి అయితే మాత్రం పక్కకు తిప్పి తీసేయండి.

లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయాసం కొన్ని గంటల తర్వాత పెరగొచ్చు.