మానసిక జబ్బు ఉన్నవాళ్ళని సంఘంలో ఎలా కలుపుకోవాలి: ఒక అక్క చెప్తున్న మాటలు

మా తమ్ముడికి పదకొండేళ్ళ నుంచి బైపోలార్, అంటే కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు లోతైన దిగులు వచ్చే మానసిక జబ్బు. వాడికి డెంగ్యూ వచ్చినప్పుడు కొబ్బరిబోండాలు పట్టుకుని మా చర్చి సంఘంలో సగం మంది హాస్పిటల్‌కి వచ్చారు, అదే వాడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో మూడు వారాలు ఉంటే ఒక్కరూ రాలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వచ్చి ఏం మాట్లాడాలో తెలీలేదు అంతే, అందుకే ఇది రాస్తున్నా. మేం చర్చికి వెళ్తాం కాబట్టి మా మాటల్లోనే రాస్తున్నా కానీ భజన మండలి వాళ్ళకీ మసీదు, దర్గా వాళ్ళకీ కూడా చాలావరకు పనికొస్తది.

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అంటే ఆదివారం 200 మంది కూర్చునే సంఘంలో దాదాపు 20 మంది. వాళ్ళు ఆల్రెడీ మన మధ్యే ఉన్నారు, చెప్పుకోవట్లేదు. ఎందుకు చెప్పుకుంటారు, మన హైదరాబాద్‌లో "నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలిరా" అనేది పిల్లలు కూడా ఆడే మాట, స్టేజీ మీద వాక్యం చెప్తూ ఆ జోక్ వేస్తే అందరూ నవ్వుతారు, వెనక వరసలో కూర్చున్న ఒకామె మాత్రం ఆ రోజే డిసైడ్ అవుద్ది, ఇక్కడ నోరు విప్పకూడదని. మొదట ఆ జోక్ ఆపండి.

తర్వాత టాబ్లెట్ల సంగతి, ఇది కొంచెం ఎక్కువ రాస్తా ఎందుకంటే మా ఇల్లు ఇక్కడే దెబ్బతింది. ఒక స్వస్థత కూటంలో తమ్ముడి మీద చేతులుంచి ప్రార్థన చేసి, విశ్వాసం ఉంటే ఇంక మందులు దేనికి అన్నారు. వాడు ఆపేశాడు. మేం కూడా అడ్డుపడలేదు, అమ్మ అయితే ఏడ్చింది సంతోషంతో. ఆ వారమే వాణ్ణి నిలబెట్టి, దేవుడు బాగుచేశాడని అందరి ముందు సాక్ష్యం చెప్పించారు, అందరూ చప్పట్లు. నెల తిరక్కుండానే మళ్ళీ నిద్రపోవడం మానేశాడు, రాత్రంతా మాట్లాడేవాడు. హాస్పిటల్ నుంచి వచ్చాక కూడా రెండేళ్ళు చర్చి గడప తొక్కలేదు, జబ్బు వల్ల కాదు, అంతమంది ముందు బాగైపోయా అని చెప్పి మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వస్తా అక్కా అనేవాడు. కాబట్టి ప్రార్థన చెయ్యండి, తప్పకుండా చెయ్యండి, కానీ మందులు ఆపమనే మాట మీ నోట్లోంచి రావద్దు, అది డాక్టర్ చెప్పాల్సింది. సాక్ష్యం కూడా బలవంతంగా చెప్పించకండి. షుగర్ ఉన్నవాళ్ళు టాబ్లెట్ వేసుకుంటూనే క్వయిర్‌లో పాడుతున్నారు కదా, ఇది కూడా అంతే.

ఉపవాస ప్రార్థన, ఆల్ నైట్ ప్రేయర్ ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్త. బైపోలార్ ఉన్నవాళ్ళకి ఒక రాత్రి నిద్ర లేకపోయినా జబ్బు తిరగబడొచ్చు, ఆ జబ్బుకి ఇచ్చే లిథియం అనే మందు వేసుకునేవాళ్ళు నీళ్ళు తాగకుండా ఉంటే ఒంట్లో దాని మోతాదు పెరిగి వాంతులు, వణుకు దాకా వెళ్తది. శివరాత్రి జాగారానికీ రంజాన్ రోజాకీ ఇదే మాట, ముందే డాక్టర్‌ని అడగమనండి. "నువ్వు పదింటికి ఇంటికెళ్ళి పడుకో తమ్ముడూ, పొద్దున్నే వచ్చి చేరు" అని పెద్దవాళ్ళే ముందు అంటే వాళ్ళకి సిగ్గుగా అనిపించదు. బైబిల్లో ఏలీయా ప్రవక్త చావాలని కోరుకున్నప్పుడు దేవదూత ముందు ఉపదేశం చెప్పలేదు, లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, తర్వాత రెండోసారి లేపి తినమన్నాడు. 1 రాజులు 19 తీసి చూడండి.

ఆరాధనలో చిన్న చిన్నవి చాలు. కొన్ని మందుల వల్ల ఒకచోట కూర్చోలేరు, మత్తుగా ఉంటది, చేతులు వణుకుతాయి. తలుపు దగ్గర ఒక కుర్చీ ఉంచండి, లేచి వెళ్ళినా వచ్చినా ఎవరూ తిరిగి చూడకుండా ఉంటే చాలు. ప్రభు బల్ల రోజు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు, మా సంఘంలో ఒక ఆంటీ వాడి చేతులు వణికినా ఒలకకుండా మా వాడికి గిన్నె సగమే పోసి ఇస్తది, ఎవరికీ చెప్పదు, ఆమెకి నేను జీవితాంతం రుణపడి ఉంటా. వాక్యం మధ్యలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే నలుగురు వెళ్ళి పట్టుకోకండి, తెలిసినవాళ్ళు ఒక్కరు వెళ్ళి పక్కన కూర్చుని, బయట గాలికి నడుద్దామా అని అడగాలి. అడక్కుండా తల మీద చెయ్యి పెట్టొద్దు. గొంతులు వినపడుతున్నాయి అంటే వాదించొద్దు, అవునని కూడా అనొద్దు, "నాకు వినపడట్లేదు గానీ నువ్వు భయపడుతున్నావని అర్థమైంది, నేను ఇక్కడే ఉన్నా" అనండి. దయ్యం అని కొట్టడం, కట్టేయడం అసలు వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గర షెడ్డుకి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందుకు తప్పించుకోలేక 28 మంది మానసిక రోగులు చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం నేరం.

ట్రెజరర్ గారికి ఒక మాట. మానియాలో, అంటే ఆ విపరీతమైన హుషారులో ఉన్న మనిషి జీతం మొత్తం కానుకలో వేసేయొచ్చు, అది తీసి పక్కన పెట్టి ఇంట్లోవాళ్ళకి ఫోన్ చెయ్యండి. ప్రార్థన వాట్సాప్ గ్రూప్‌లో పేరు, జబ్బు పెట్టే ముందు ఆ మనిషినే అడగండి, వాళ్ళ అమ్మని కాదు.

ఎవరైనా "బతకాలని లేదు" అంటే పాపం అని మొదలుపెట్టొద్దు. చనిపోవాలని అనిపిస్తుందా అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలొద్దు, పురుగుల మందు, మాత్రలు దూరం పెట్టండి, 14416కి కలపండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైన్, ఫ్రీ, 24 గంటలు, తెలుగులో మాట్లాడతారు. ఆల్రెడీ ఏదైనా తాగేస్తే 108. పోలీసు కేసు అవుతుందని భయపడి దాచే ఇళ్ళు నేను చూశా, అదే 2017 చట్టంలో 115వ సెక్షన్ వల్ల, అంత ఒత్తిడిలో ఉండి చేశారనే లెక్కలో చూస్తారు, శిక్ష వెయ్యరు.

ఇక హాస్పిటల్‌లో ఉంటే, ఇంటివాళ్ళని అడిగి వెళ్ళండి, ఎర్రగడ్డకి మెట్రో ఉంది, స్టేషన్ పేరే అది. పండ్లు తీసుకెళ్ళండి, క్రికెట్ గురించి మాట్లాడండి, పది నిమిషాలు చాలు. ఓపీ చీటీ లైన్లో అమ్మ ఒక్కతే నిలబడుంటే ఆమెతో నిలబడండి, టిఫిన్ తినిపించండి. డిశ్చార్జ్ అయ్యాక మొదటి ఆదివారం వస్తే ఎలా ఉంది, ఏమైంది అని చుట్టూ మూగకండి. మా తమ్ముడు రెండేళ్ళ తర్వాత వచ్చిన రోజు ఒక అంకుల్ ఏమీ అడగలేదు, "వందనాలు తమ్ముడూ, కుర్చీలు తక్కువ పడ్డాయి, ఒక చెయ్యి వెయ్యి" అన్నాడు. అప్పట్నుంచి కుర్చీల డ్యూటీ వాడిదే.