మద్యం, గంజాయి మాన్పించే వైద్యానికి ప్రభుత్వ ఆసుపత్రిలో చేరే విధానం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి

ఈ వైద్యానికి మీసేవలో దరఖాస్తు పెట్టాలా, సచివాలయంలో ఇవ్వాలా అని చాలామంది అడుగుతుంటారు. ఆ రెండూ అక్కర్లేదు. ఆసుపత్రి ఓపీ చీటీయే మొదటి కాగితం. ఆ తర్వాత ఏ కాగితాలు కావాలన్నది మాత్రం ఒక్క విషయాన్ని బట్టి ఉంటుంది: చేరాల్సిన మనిషి తానుగా ఒప్పుకున్నాడా, లేదా?

శ్రీకాకుళం వైపు వారు రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రికి, విజయనగరం వారు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లి సైకియాట్రీ (మానసిక వైద్య విభాగం) ఓపీ చీటీ తీసుకోవాలి. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి బస్సెక్కే ముందు 14446కి ఫోన్ చేయడం మంచిది. ఇది మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్, ఉచితం. కేసు తీవ్రంగా ఉంటే డాక్టర్లే విశాఖ వాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి రాసి పంపుతారు. ఆ పేరు వినగానే పరువు పోయిందని కంగారు పడకండి. 1871 నుంచి ఉన్న ఆసుపత్రి అది, మత్తు కేసులు అక్కడ రోజూ వచ్చేవే.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషిని “సోమవారం ఆసుపత్రికి వెళ్దాం, అందాకా చుక్క ముట్టకు” అని గదిలో పెట్టి తాళం వేయకండి. ఆఖరిసారి తాగిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజో మూడో రోజో లేనివి కనిపిస్తున్నాయంటూ, మనుషుల్ని పోల్చుకోలేక కేకలు పెట్టవచ్చు. మన ఊళ్లలో దీన్ని గాలి సోకిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు, అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. ఈ లక్షణాలు కనిపిస్తే ఓపీ, చీటీ అనుకోకుండా 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఓపీకి వెళ్లేటప్పుడు ఆధార్, పాత మందుల చీటీలు, తోడుగా ఇంట్లో ఒకరు ఉంటే పని సులువవుతుంది. రేషన్ కార్డు లేదని ఆగిపోకండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి కార్డు ఉన్నా లేకపోయినా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యం ఉచితంగా అందాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మద్యం, మత్తు పదార్థాల వాడకం వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. ఆధార్ కంటే ముఖ్యంగా ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: తాగేది నాటుసారానా, షాపు మందా, రోజుకి ఎంత, ఆఖరిసారి ఎప్పుడు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా, కామెర్లు, షుగర్ ఉన్నాయా. డాక్టరు అడిగితే మనిషి సగం తగ్గించి చెబుతాడు, పక్కనున్న భార్య మొహమాటంతో ఊరుకుంటుంది. మందు మోతాదు వేసేది ఈ లెక్క చూసే.

మనిషి ఒప్పుకుంటే చేరిక ఫారం మీద తనే సంతకం పెడతాడు, వేలిముద్ర అయినా సరే. తనకు వివరించి, ఒప్పించే చికిత్స చేస్తారు. వెళ్లిపోతానంటే పంపాల్సిందే. పరిస్థితి బాగాలేదనిపిస్తే మాత్రం మళ్లీ పరీక్షించడానికి 24 గంటల వరకు ఆపవచ్చు.

ఒప్పుకోని చోటే చిక్కంతా. తాగుతున్నాడన్న ఒక్క కారణంతో బలవంతంగా చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. ఆత్మహత్యకు ప్రయత్నించడం, ఇతరుల మీద దాడికి దిగడం, తన ఒంటిని తాను చూసుకోలేని స్థితికి రావడం వంటివి ఉండి, సొంతంగా నిర్ణయం తీసుకోలేకపోతుంటే, నామినేటెడ్ ప్రతినిధి (వైద్యం విషయంలో ఆ మనిషి తరఫున నిలబడేవారు) దరఖాస్తు ఇవ్వాలి. సైకియాట్రిస్టు ఒకరు, మరో వైద్య నిపుణుడు విడివిడిగా పరీక్షించి సరేనంటే 30 రోజుల వరకు ఉంచవచ్చు. ఆ ప్రతినిధి ఎవరో ముందే రాసి పెట్టలేదంటే చట్టం ప్రకారం బంధువు ఆ పని చేయవచ్చు. కానీ మనిషి నిబ్బరంగా ఉన్న రోజునే రాయించుకోవడం మేలు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు:

“.......... గ్రామ నివాసి .......... అను నేను, నా మానసిక వైద్యానికి సంబంధించిన విషయాల్లో నా భార్య .......... ని నా నామినేటెడ్ ప్రతినిధిగా నియమించుకుంటున్నాను. ఇది నా ఇష్టపూర్వకంగా రాసి ఇచ్చినది.”

కింద తేదీ, సంతకం. ప్రతినిధికి 18 ఏళ్లు నిండి ఉండాలి, ఈ బాధ్యతకు ఒప్పుకుంటున్నట్టు ఆమె కూడా ఆసుపత్రిలో రాసివ్వాలి. ఇచ్చిన మనిషి దీన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

పిల్లవాడికి 18 నిండకపోతే దరఖాస్తు తల్లిదండ్రులే ఇస్తారు. పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, ఉన్నన్నాళ్లూ ఒకరు తోడుండాలి. గంజాయి అంటే పోలీసు కేసవుతుందని టెన్షన్ పడి పిల్లల్ని దాచే ఇళ్లు ఎన్నో. వైద్య వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. ఒకవేళ వాడకానికో, చిన్న మొత్తానికో కేసు పెట్టినా, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చి పూర్తి చేసినవారికి విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే వీలు మత్తు పదార్థాల కేసులు చూసే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్‌లో ఉంది. అమ్మేవారికి ఇది వర్తించదు.

ప్రైవేటు సెంటర్‌కి వెళ్తే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ చూపించమని అడగండి. గొలుసులతో కట్టేయడం నిషేధం, అది కనిపించిన చోట డబ్బు కట్టకండి. “తెలియకుండా కూరలో కలపండి” అంటూ అమ్మే పొడుల జోలికీ పోవద్దు. మద్యంతో పడని మందు అందులో ఉంటే, అది తిని తాగిన మనిషికి బీపీ పడిపోయి ప్రాణాపాయం కావచ్చు.

మనిషి ససేమిరా రానంటే ఇంట్లోవాళ్లు 14416కి, అంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయవచ్చు, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. తన నిద్రలేమి గురించి, తన దిగులు గురించి కూడా భార్య అక్కడ చెప్పుకోవచ్చు. భర్త కొడుతుంటే మహిళల హెల్ప్‌లైన్ 181 వేరే ఉంది.

డిశ్చార్జ్ రోజున సమ్మరీ (చేసిన వైద్యం, వాడాల్సిన మందులు రాసిన కాగితం) తీసుకోకుండా కదలకండి. చెన్నైకో హైదరాబాద్‌కో పనికి వెళ్లే వాళ్లు దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకుంటే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి మందులు కొనసాగించుకోవచ్చు. మళ్లీ తాగడం మొదలైతే ఆ సమ్మరీతోనే కొత్త ఓపీ చీటీ తీసుకోండి. ఒకసారి చేరి వెళ్లినవారిని రెండోసారి చేర్చుకోకూడదన్న నియమం చట్టంలో లేదు.