ఆంటాలజీ ఫైలు మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

గుంటూరు యార్డుకొచ్చే మిర్చి రకాలు, లాట్లు, ధరల మీద ఒక ఆంటాలజీ (ఏమేం ఉన్నాయో, వాటి మధ్య సంబంధాలేమిటో కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసిన ఫైలు) రాస్తున్నాను. నాకు ఎదురైన చిక్కులివి, మీకూ ఎదురవుతాయి.

సమస్య: ఫైలు తెరుచుకోదు, పేజీలకు పేజీలు ఎర్రర్ వస్తుంది

ఆ పొడవు చూసి టెన్షన్ పడకండి. ఆంటాలజీలు రాసే సాఫ్ట్‌వేర్ ప్రొటెజే వెనకుండే ఓడబ్ల్యూఎల్ ఏపీఐ (ఆంటాలజీ భాష ఓడబ్ల్యూఎల్‌ను చదివే లైబ్రరీ), ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉందో తేలకపోతే తన దగ్గరున్న పార్సర్లన్నిటినీ (ఒక్కో ఫార్మాట్‌ను చదివే భాగాలు) వరసగా ప్రయోగించి, అన్నీ ఓడిపోతే అన్నిటి ఎర్రర్లూ ఒకేసారి చూపిస్తుంది. మీది టర్టిల్ (ఆంటాలజీ రాసే ఒక ఫార్మాట్) ఫైలైతే టర్టిల్ పార్సర్ చెప్పిన లైను నంబరు ఒక్కటే చూడండి. ప్రిఫిక్స్ (పొడవాటి చిరునామాకు పెట్టే పొట్టి పేరు) ప్రకటించకపోవడమో, చివర చుక్క మర్చిపోవడమో అయ్యుంటుంది. మొదటి లైన్లోనే హెచ్‌టీఎంఎల్ కనిపిస్తే మాత్రం మీరు దించుకున్నది ఆంటాలజీ కాదు, దాన్ని చూపించే వెబ్ పేజీ. గిట్‌హబ్‌లో ‘రా’ నొక్కి మళ్లీ దించుకోండి.

సమస్య: తెరుచుకుంది, కానీ ఓడబ్ల్యూఎల్ 2 డీఎల్ కాదంటోంది

డీఎల్ అంటే రీజనర్ (రాసినదాన్నుంచి నిర్ధారణలు తీసే ప్రోగ్రాం) కచ్చితంగా పనిచేసేలా నియమాలు పెట్టిన ఓడబ్ల్యూఎల్ రూపం. మోడల్ తప్పేమోనని నేను మూడు రోజులు తల పట్టుకున్నాను. తీరా చూస్తే ఇంపోర్ట్ చేసిన ఫైలు ఆ చిరునామాలో లేదు! డీఎల్ కావాలంటే వాడిన ప్రతి క్లాసూ (వర్గం), ప్రతి ప్రాపర్టీ (సంబంధం లేదా లక్షణం) ఈ ఫైల్లోనో ఇంపోర్టుల్లోనో ప్రకటించి ఉండాలి. ఇంపోర్ట్ రాకపోతే ఫలానాది ఆబ్జెక్ట్ ప్రాపర్టీయో (రెండు వస్తువులను కలిపేది) డేటా ప్రాపర్టీయో (అంకె, మాట లాంటి విలువ ఇచ్చేది) పార్సర్‌కు తెలిసే దారి లేదు. కాబట్టి ఇంపోర్టుల కాపీలు మీ సిస్టంలో పెట్టుకుని కేటలాగ్ ఫైల్లో వాటికి దారి చూపించండి. డబ్లిన్ కోర్ (రచయిత, శీర్షిక లాంటి వివరాలకు వాడే ప్రామాణిక పదాల జాబితా) ‘క్రియేటర్’ లాంటివి వాడితే అనొటేషన్ ప్రాపర్టీగా (రీజనర్ పట్టించుకోని వివరంగా) ప్రకటించండి. అప్పటికీ మిగిలితే ట్రాన్సిటివ్ ప్రాపర్టీ (అ నుంచి ఆకు, ఆ నుంచి ఇకు ఉంటే అ నుంచి ఇకూ ఉండే సంబంధం) మీద ‘కనీసం రెండు’ లాంటి సంఖ్య పెట్టారేమో చూడండి. అది నిజమైన మోడలింగ్ తప్పే, రెండింట్లో ఒకటి వదులుకోవాలి.

సమస్య: రీజనర్ నడిపితే ‘తేజ’ క్లాసు ఎర్రగా మారింది

ఇది జాగ్రత్తగా చదవండి, అందరూ ఇక్కడే జారతారు. ‘ధర’ ప్రాపర్టీకి డొమైన్ (అది ఏ క్లాసు వాటికి ఉంటుందో) ‘లాట్’ అని రాశాను, ‘రకం’, ‘లాట్’ డిస్‌జాయింట్ (రెండింటికీ చెందేది ఏదీ లేదు) అన్నాను, తర్వాత తేజ రకానికి ధర ఉంటుందని రాశాను. డొమైన్ అంటే తనిఖీ అనుకున్నాను, కానీ రీజనర్‌కు అది అనుమితి సూత్రం: ధర ఉంది కాబట్టి తేజ కూడా లాటే అని తేల్చుకుంది, రకమూ లాటూ రెండూ అయ్యేది ఏదీ ఉండదు కాబట్టి క్లాసు ఖాళీ అయింది. ధరను తేజ నుంచి తీసి లాట్‌కు పెట్టాక ఎరుపు పోయింది. తప్పు డేటాను పట్టుకోవడమే మీ ఉద్దేశమైతే దానికి షాకిల్ (డేటా నియమాల ప్రకారం ఉందో లేదో తనిఖీ చేసే భాష) వాడండి, 2017 నుంచి అది డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాల సంస్థ) ప్రమాణం.