టార్ కమాండ్‌తో బ్యాకప్ తీయడం, సరిచూడడం, వెనక్కి తెచ్చుకోవడం ఎలా?

ఒక ఫోల్డర్‌ని బ్యాకప్ తీసి పెట్టుకోవడానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. లినక్స్‌లో, మ్యాక్‌లో టార్ అనే కమాండ్ ముందే ఉంటుంది. విండోస్ 10లోకి కూడా 2018లో వచ్చేసింది. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో, ఫైళ్లను మాగ్నెటిక్ టేపుల మీదికి ఎక్కించేందుకు పుట్టిన ప్రోగ్రామ్ ఇది. టేపులు పోయినా ఇది మాత్రం నిలబడింది.

గుర్తుపెట్టుకోవాల్సినవి మూడే అక్షరాలు. సీ అంటే బ్యాకప్ తయారుచెయ్యి, టీ అంటే లోపల ఏముందో చూపించు, ఎక్స్ అంటే బయటికి తియ్యి. చాలామంది సీ దగ్గరే ఆగిపోతారు. అవసరం పడ్డ రోజున ఎక్స్ కొడితే అప్పుడు తెలుస్తుంది, ఫైలు సగమే ఉందని. అందుకే ఇక్కడ టీ గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

ఒక మాట: కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. "టార్ -సీజెడ్‌ఎఫ్" అని కనిపిస్తే, టీ, ఏ, ఆర్ కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, హైఫన్ పెట్టి, దాని పక్కనే సీ, జెడ్, ఎఫ్ వరసగా కొట్టాలి.

తయారుచేయడం

మీరు దాచాలనుకుంటున్న ఫోల్డర్ పేరు నోట్స్ అనుకుందాం. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి, సీడీ కమాండ్‌తో నోట్స్ ఏ ఫోల్డర్‌లో ఉందో అక్కడికి వెళ్లండి. నోట్స్ లోపలికి వెళ్లొద్దు, దాని బయటే ఆగండి. ఫోల్డర్‌కి మీరు ఏ దారి (పాత్) టైప్ చేస్తే టార్ ఆ దారినే రాసుకుంటుంది. పొడవాటి దారి ఇస్తే, తిరిగి తీసేటప్పుడు ఒక ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్‌గా అదంతా మళ్లీ తయారవుతుంది.

ఇప్పుడు ఇది కొట్టండి:

టార్ -సీజెడ్‌ఎఫ్ నోట్స్-2025-06-14.టార్.జీజెడ్ నోట్స్

జెడ్ అంటే కుదించమని. ఎఫ్ అంటే "పక్కన ఉన్నది బ్యాకప్ ఫైలు పేరు" అని. ఆ తర్వాత వచ్చేది దాచాల్సిన ఫోల్డర్. తేదీలో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు పెడితే ఫైళ్లు పేరు వరసలో పేర్చినప్పుడు కాలక్రమంలోనే కనిపిస్తాయి.

ప్రమాదమంతా ఎఫ్ దగ్గరే ఉంది. -సీఎఫ్‌జెడ్ అని తిప్పి కొడితే, జెడ్ అనే పేరుతోనే ఒక ఫైలు తయారై కూర్చుంటుంది, అదీ కుదించకుండా. ఇంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. బ్యాకప్ పేరు రాయడం మర్చిపోయి ఎఫ్ తర్వాత నేరుగా మీ ఫైళ్ల పేర్లు ఇచ్చారనుకోండి. మొదటి ఫైలునే బ్యాకప్ పేరనుకుని, మారు మాట అడగకుండా దాన్ని తుడిచేసి రాసేస్తుంది. ఎంటర్ కొట్టే ముందు ఎఫ్ పక్కన కొత్త పేరు ఉందో లేదో ఒక్కసారి చూడండి.

చాలా చోట్ల వీ అక్షరం కూడా కలపమంటారు, ఎక్కే ప్రతి ఫైలు పేరూ తెర మీద కనిపించడానికి. తయారుచేసేటప్పుడు అది నాకు నచ్చదు. వేల పేర్లు దొర్లుకుంటూ పోతుంటే "పర్మిషన్ డినైడ్" అనే ఒక్క వరస వాటి మధ్య కొట్టుకుపోతుంది. వీ లేకపోతే, కనిపించే ప్రతి వరసా చదవాల్సిందే అవుతుంది.

"ఫైల్ ఛేంజ్డ్ యాజ్ వుయ్ రెడ్ ఇట్" అని వస్తే, టార్ చదువుతుండగానే ఏదో ప్రోగ్రామ్ ఆ ఫైలును మార్చిందన్నమాట. ఆ ప్రోగ్రామ్ మూసేసి మళ్లీ తీయండి. నడుస్తున్న డేటాబేస్‌ని మాత్రం ఇలా ఎత్తిపెట్టుకోవద్దు. ముందు దాని సొంత టూల్‌తో డంప్ (డేటా అంతా రాసిన ఫైలు) తీసి, ఆ డంప్‌ని దాచుకోండి.

ఫోటోలు, వీడియోలు అప్పటికే కుదించినవి కాబట్టి జెడ్ వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు, సమయం దండగ. జెడ్ తీసేసి, పేరు చివర టార్ అని మాత్రం పెట్టండి.

లోపల చూడడం

టార్ -టీవీఎఫ్ నోట్స్-2025-06-14.టార్.జీజెడ్

ఇక్కడ వీ కావాలి. ఒక్కో వరసలో ఫైలు అనుమతులు, సొంతదారు, సైజు, చివరిగా మార్చిన తేదీ, పేరు వస్తాయి. నిన్న మీరు సేవ్ చేసిన ఫైలు ఏదైనా ఒకటి అందులో వెతికి, సైజు సున్నా కాదని, తేదీ నిన్నటిదేనని చూసుకోండి. కాపీ మధ్యలో తెగిపోయిన ఫైలైతే ఈ జాబితా చివర "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఫైల్" అనో, అలాంటి ఇంకో ఎర్రరో పడుతుంది. అందుకే జాబితాని చివరిదాకా పోనివ్వండి, మధ్యలో ఆపొద్దు.

లినక్స్‌లో, మ్యాక్‌లో లెక్క కూడా సరిపోల్చవచ్చు. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టండి. మొదటిది బ్యాకప్‌లోని పేర్లను, రెండోది ఫోల్డర్‌లోని పేర్లను డబ్ల్యూసీకి ఇచ్చి లెక్కపెట్టిస్తుంది:

టార్ -టీఎఫ్ నోట్స్-2025-06-14.టార్.జీజెడ్ | డబ్ల్యూసీ -ఎల్
ఫైండ్ నోట్స్ | డబ్ల్యూసీ -ఎల్

రెండు అంకెలూ ఒకటే రావాలి. తేడా వస్తే, ఏదో ఫైలు చదవడానికి అనుమతి లేక వదిలేసి ఉంటుంది, లేదా ఈలోపు ఫోల్డర్ మారి ఉంటుంది.

లినక్స్‌లో ఉండే గ్నూ టార్‌కి ఇంకో సౌకర్యం ఉంది. టీ బదులు డీ పెట్టి, టార్ -డీఎఫ్ అని కొట్టి బ్యాకప్ పేరు ఇస్తే, బ్యాకప్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీద ఉన్నదాంతో పోల్చి, తేడాలు మాత్రమే చెప్తుంది. ఏమీ చెప్పలేదంటే అంతా సరిపోయినట్టే. అయితే బ్యాకప్ తీశాక మీరు కొత్తగా చేర్చిన ఫైళ్లు దీనికి కనబడవు.

వెనక్కి తెచ్చుకోవడం

మొదట ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి తీయండి, అసలు చోట కాదు. ఆ ఖాళీ ఫోల్డర్‌ని ఎంకేడిర్ కమాండ్ తయారుచేస్తుంది. అదే పేరుతో ఫైలు అక్కడుంటే టార్ దాన్ని పాత బ్యాకప్‌లోని ఫైలుతో కప్పేస్తుంది. మీరు పొద్దుటినుంచీ రాసింది అలా పోవచ్చు.

ఎంకేడిర్ పరీక్ష
టార్ -ఎక్స్‌ఎఫ్ నోట్స్-2025-06-14.టార్.జీజెడ్ -సీ పరీక్ష

పరీక్ష ముందున్న -సీలోని సీ ఒక్కటే పెద్ద అక్షరం. "ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి తియ్యి" అని దానర్థం. ఆ ఫోల్డర్ ముందే ఉండాలి, టార్ తయారుచేసి ఇవ్వదు. తీసేటప్పుడు జెడ్ అక్కర్లేదు, ఎలా కుదించారో టార్ తనే కనిపెడుతుంది. తీశాక రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. అసలు చోటులోకే తీయక తప్పకపోతే -కే కలపండి, ఉన్న ఫైళ్ల జోలికి పోదు.

ఒక్క ఫైలే కావాలంటే కమాండ్ చివర దాని పేరు ఇవ్వాలి. అయితే టీ చూపించిన పేరు పొల్లుపోకుండా ఇవ్వాలి. జాబితాలో నోట్స్, స్లాష్ (ఏటవాలు గీత), ప్లాన్ అని ఉంటే, ఉత్త ప్లాన్ అంటే "నాట్ ఫౌండ్ ఇన్ ఆర్కైవ్" అంటుంది. టీ జాబితా నుంచి కాపీ చేసి అతికించడం మేలు.

టార్‌కి పాస్‌వర్డ్ అంటూ ఏమీ లేదు, ఫైలు ఎవరి చేతికి చిక్కితే వాళ్లు తెరిచేయగలరు. బయటివాళ్లు చూడకూడనివైతే, ఫైళ్లకు పాస్‌వర్డ్ పెట్టే జీపీజీ అనే ప్రోగ్రామ్‌తో, జీపీజీ -సీ కొట్టి, పక్కన ఫైలు పేరు ఇచ్చి తాళం వేయండి. ఇక్కడ సీ చిన్నదే. తాళం వేసిన కాపీ పక్కన పుడుతుంది, తాళం లేని పాతది అలాగే ఉంటుంది, దాన్ని మీరే తీసేయాలి. పాస్‌వర్డ్ మర్చిపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

జీజెడ్ ఫైలు మధ్యలో ఎక్కడైనా దెబ్బతింటే, అక్కడినుంచి చివరిదాకా సాధారణంగా చదవడం కుదరదు. కాబట్టి రెండు కాపీలు వేర్వేరు డిస్కుల్లో ఉంచండి. పాత బ్యాకప్ చెరిపేయాలనుకున్నప్పుడు ముందు కొత్తదాని మీద టీ ఒకసారి చివరిదాకా నడిపి, ఆ తర్వాతే డిలీట్ కొట్టండి.